దిగేటప్పుడు ఉడికే ఇంధనం: ఒక చిన్న జెట్ ఇంజను పంపు కేస్ స్టడీ

ఇంధన కంట్రోల్ యూనిట్‌ను విప్పి చూస్తే ఇంజనుకు వెళ్లే ఇంధనాన్ని కొలిచే మీటరింగ్ వాల్వులో, స్లీవు లోపల జరిగే స్పూలు మీద లేత గోధుమ రంగు వార్నిష్ పొర కనబడింది. గోటితో గీకితే రాలేదు. ద్రావకంలో రాత్రంతా నానబెడితే కొంత వదిలింది, కొంత మొండికేసింది. ఆ పొర మందం చాలా స్వల్పం. కానీ స్పూలుకీ స్లీవుకీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే కాబట్టి ఆ మాత్రం చాలు, వాల్వు తడబడుతుంది. పైలట్ థ్రాటిల్ తగ్గించినప్పుడు ఇంజను చెప్పిన చోట ఆగకుండా కాస్త కిందికి జారి మళ్లీ పైకి వస్తోందన్నది అసలు ఫిర్యాదు.

ఇది 20 కిలోన్యూటన్ల తరగతికి చెందిన చిన్న టర్బోఫ్యాన్ ఇంజను. క్లయింటు పేరు, ఇంజను పేరు చెప్పడానికి ఒప్పందం అనుమతించదు. అంకెలను గుండ్రం చేశాను, నిష్పత్తులు మాత్రం చెడగొట్టలేదు. కాలిక్యులేటర్ ఉన్నవాళ్లు ప్రతి లెక్కనూ చేసి చూసుకోవచ్చు. మా బృందం విశాఖపట్నం ఋషికొండ మీద కూర్చుని లెక్కలు కడుతుంది, దువ్వాడ వైపు ఒక షెడ్డులో పరీక్ష రిగ్ నడుపుతుంది.

క్లయింటు మమ్మల్ని అడిగింది ఒకే ఒక్క వాక్యం: ఇంధనం వేడెక్కుతోంది కాబట్టి పెద్ద హీట్ ఎక్స్‌ఛేంజర్ సూచించండి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ ఎక్స్‌ఛేంజర్ ఇంధనాన్ని చల్లబరిచే పరికరం కాదు. ఇంజను ఆయిల్‌లోని వేడిని ఇంధనంలోకి దించే పరికరం. దాన్ని పెంచితే ఆయిల్ ఇంకా సుఖపడుతుంది, ఇంధనం ఇంకా ఉడుకుతుంది. మొదటి సమావేశంలో ఈ మాట అన్నప్పుడు అవతలి గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లలో ఆయిల్ వ్యవస్థ చూసే బృందం వేరు, ఇంధన వ్యవస్థ చూసే బృందం వేరు. ఈ రంగంలో సగం కేసులు అలాంటి గోడల దగ్గరే పుడతాయి.

ఇంధనం నడిచే దారి

టాంకు నుంచి వచ్చిన ఇంధనం మొదట బూస్ట్ దశలోకి వెళుతుంది. అది చిన్న సెంట్రిఫ్యూగల్ పంపు. కొద్దిపాటి పీడనం ఇచ్చి, తరవాతి పంపులో బుడగలు పుట్టకుండా కాపాడుతుంది. అక్కడి నుంచి ఆయిల్ హీట్ ఎక్స్‌ఛేంజర్, దాని తరవాత ఫిల్టరు, ఆ తరవాత ప్రధాన గేర్ పంపు. గేర్ పంపు నుంచి బయటపడ్డ ఇంధనంలో ఇంజనుకు ఎంత కావాలో అంతే మీటరింగ్ వాల్వు ముందుకు పంపుతుంది. మిగిలినదాన్ని బైపాస్ వాల్వు మళ్లీ గేర్ పంపు ముఖద్వారానికే తిప్పి పంపుతుంది. చివర్లో, ఇంధనాన్ని మంటలోకి చిమ్మే నాజిల్‌కు ముందు, ప్రెజరైజింగ్ వాల్వు ఒకటి ఉంటుంది. ఇంజను ఎంత తక్కువ ఇంధనం తాగుతున్నా సరే, కంప్రెసర్‌లో గాలి దిశను మార్చే గైడ్ వేన్లను కదిలించే యాక్చుయేటర్లకు కావలసిన కనీస పీడనం నిలబెట్టడం దాని పని.

గేర్ పంపు యాక్సెసరీ గేర్‌బాక్సుకు బిగించి ఉంటుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే అదీ అంత వేగంగా తిరగాలి. ఒక్కో చుట్టుకు ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్కగా తోస్తుంది. ఇంజనుకు అవసరమా కాదా అన్నది దానికి పట్టదు. కథంతా ఇక్కడే ఉంది.

ఈ పంపు నూరు శాతం వేగంలో గంటకు 2,400 కిలోలు తోస్తుంది. టేకాఫ్‌లో ఇంజను తాగేది గంటకు 1,000 కిలోలు. బాగా ఎత్తు నుంచి దిగేటప్పుడు, ఫ్లైట్ ఐడిల్‌లో, అంటే గాల్లో అతి తక్కువ శక్తితో నడిచే స్థితిలో, ఇంజను 70 శాతం వేగంలో తిరుగుతూ గంటకు 100 కిలోలే తాగుతుంది. పంపు మాత్రం అప్పుడు కూడా 1,680 కిలోలు తోస్తూనే ఉంటుంది. అంటే 1,580 కిలోలు ఊరికే తిరుగుతోంది.

రెండు లెక్కలు

టేకాఫ్‌లో పంపు పెంచే పీడనం 60 బార్. ఆ ప్రవాహానికి హైడ్రాలిక్ శక్తి సుమారు 5 కిలోవాట్లు, పంపు సామర్థ్యం కలుపుకుంటే షాఫ్టు మీద దాదాపు 6.8 కిలోవాట్లు. దిగేటప్పుడు ప్రెజరైజింగ్ వాల్వు నిలబెట్టే 20 బార్ మాత్రమే ఉంటుంది కాబట్టి షాఫ్టు శక్తి 1.7 కిలోవాట్లకు పడిపోతుంది. నాలుగో వంతు. ఇంతవరకే చూస్తే దిగడం కంటే ఎగరడమే ఇంధనానికి కష్టకాలం అనిపిస్తుంది. చాలా మంది ఇక్కడే ఆగిపోతారు.

వేడి ఎంత పుట్టిందన్నది సగం ప్రశ్న. దాన్ని మోసుకుని బయటకు పోయేది ఎవరన్నది మిగతా సగం. బైపాస్‌లో తిరిగే ఇంధనం వేడిని ఎక్కడికీ తీసుకెళ్లదు, మళ్లీ పంపు నోట్లోకే తెస్తుంది. బయటకు మోసేది నాజిల్ దాటి కాలిపోయే ఇంధనం ఒక్కటే. విమాన ఇంధనం కిలోకు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 2.1 కిలోజౌళ్లు పడుతుంది. టేకాఫ్‌లో గంటకు 1,000 కిలోలు కాలుతున్నాయి కాబట్టి ఒక డిగ్రీకి 583 వాట్లు మోస్తుంది. 6.8 కిలోవాట్లు పంచితే పెరుగుదల 12 డిగ్రీల లోపే. దిగేటప్పుడు కాలేది 100 కిలోలు, డిగ్రీకి 58 వాట్లే. 1.7 కిలోవాట్లు దాని మీద పడితే 29 డిగ్రీలు.

ఇదే లెక్కను ఇంకోలా చూడటం నాకు ఇష్టం. దిగే స్థితిలో ఇంధనం గేర్ పంపును ఒకసారి దాటితే పెరిగే ఉష్ణోగ్రత 1.7 డిగ్రీలే. పంపు ముందూ వెనకా థర్మామీటర్ పెట్టినవాళ్లు ఈ తేడా చూసి పంపు నిర్దోషి అని తీర్పు చెప్పేస్తారు. కానీ 1,680లో 100 మాత్రమే బయటపడుతోంది. సగటున ఒక్కో చుక్క దాదాపు 17 సార్లు పంపును చుట్టి గానీ నాజిల్‌కు చేరదు. సింహాచలం గిరి ప్రదక్షిణలో మొదటి కిలోమీటరు ఎవరికీ కష్టం కాదు కదా. 1.7ను 17తో గుణిస్తే అదే 29. మా రిపోర్టులో కూడా ఈ తిరుగుడుకు ప్రదక్షిణ అనే పేరే స్థిరపడిపోయింది, క్లయింటు వాళ్లూ అలాగే వాడటం మొదలుపెట్టారు.

మిగతా వాటాలు: బూస్ట్ దశలో ఇంపెల్లర్ తక్కువ ప్రవాహాన్ని చిలకడం వల్ల అర కిలోవాటు, అంటే 9 డిగ్రీలు. ఆయిల్ నుంచి దిగే వేడి 3.5 కిలోవాట్లు, అంటే 60 డిగ్రీలు. టాంకులో ఇంధనం 50 డిగ్రీలన్నది వేడి రోజుకు డిజైన్ షరతు. మొత్తం కూడితే 148 డిగ్రీలు. మీటరింగ్ యూనిట్‌కు పెట్టుకున్న పరిమితి నిలకడగా 140, కాసేపటికైతే 150.

148 నిలకడ అంకె. అసలు గండం అంతకు ముందే వస్తుంది. క్రూయిజ్‌లో ఉన్నంతసేపు గేర్‌బాక్సు, ఆయిల్ టాంకు, బేరింగ్ గృహాలు వేడిని నిల్వ చేసుకుంటాయి. థ్రాటిల్ వెనక్కి లాగగానే ఇంధన ప్రవాహం నిమిషం లోపే పడిపోతుంది, లోహం మాత్రం అంత త్వరగా చల్లారదు. నిల్వ వేడంతా సన్నబడిన ధార మీద పడుతుంది. మా లెక్కలో శిఖరం 160 దాటింది. ఇంధన మార్గంలోని లోహాన్నీ ఇంధనాన్నీ కలిపితే తాప స్థిరాంకం, అంటే ఉష్ణోగ్రత మార్పులో చాలా భాగం పూర్తవడానికి పట్టే కాలం, నాలుగైదు నిమిషాలు. హైదరాబాద్ నుంచి వచ్చి విశాఖలో దిగే విమానాన్నే తీసుకోండి, పైనుంచి కిందికి రావడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. శిఖరం వచ్చి, దాటిపోయి, నిలకడ స్థితి కూడా రావడానికి బోలెడు సమయం.

కాలం సంగతి ఇంకో విధంగానూ ముఖ్యం. మామూలు ఇంధనంలో గాలి కరిగి ఉంటుంది, ఆక్సిజన్ పాలు పది లక్షల్లో సుమారు 60, 70. దాదాపు 150 డిగ్రీల దగ్గర అది ఇంధనంలోని కొన్ని పదార్థాలతో కలిసి జిగురు, ఆపైన వార్నిష్ చేయడం జోరందుకుంటుంది. పంపు బేరింగుల్లోని కంచు నుంచి రాగి లేశమాత్రం చేరినా ఆ పని ఇంకా వేగం అవుతుంది. ఎంత వేడి అన్నదానితో పాటు ఎంతసేపు ఆ వేడిలో ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఈ వలయంలో ఉండే ఇంధనం సుమారు 3 కిలోలు. టేకాఫ్‌లో అది 11 సెకన్లలో మారిపోతుంది. దిగేటప్పుడు దాదాపు రెండు నిమిషాలు అక్కడే మగ్గుతుంది. ఇంధనం నాణ్యత మీద కూడా అనుమానం వ్యక్తమైంది గానీ, ఇంధనం వేడిని ఎంత తట్టుకుంటుందో చూసే ఏఎస్‌టీఎం డి3241 పరీక్షలో 260 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు నడిపిన నమూనాలు శుభ్రంగా నెగ్గాయి. ఇంధనం తప్పేమీ లేదు.

రిగ్ ఏం చెప్పింది

క్లయింటు తమ పాత రిగ్ ఫలితాలు పంపారు. దిగే స్థితిలో 136 డిగ్రీలు, పరిమితి లోపలే. మా లెక్క 148. పన్నెండు డిగ్రీల తేడాను పొరపాటు అని కొట్టేయడం కుదరదు.

అదే అమరికను దువ్వాడ షెడ్డులో కట్టాం. అడాప్టర్లు గాజువాక ఆటోనగర్‌లో చేయించాం. అంతర్జాతీయ ప్రమాణాల గురించి ఎంత చెప్పినా, ఒక ఫ్లాంజి చివరి నిమిషంలో సరిపోకపోతే సాయంత్రానికల్లా సరిచేసి ఇచ్చే లేత్ మనిషి దగ్గర్లో ఉండటం వేరే సంగతి. రిగ్‌లో నిజమైన ఏటీఎఫ్ (విమాన ఇంధనం) బదులు ఇంధన పరికరాలకు వాడే కాలిబ్రేషన్ ద్రవం నింపాం. దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, కూడా దాదాపు ఏటీఎఫ్ లాగే, నలభై డిగ్రీల దరిదాపు. 148 డిగ్రీల ద్రవం 20 బార్ పీడనంలో చిన్న సందు దొరికితే మంచులా చిమ్ముతుంది, ఆ పొగమంచుకు నిప్పురవ్వ చాలు. అందుకే రిగ్ నడుస్తుండగా వలయం ఉన్న గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. టాంకు పైన నైట్రోజన్, కింద ట్రేలు, మూలల్లో ఆవిరి డిటెక్టర్లు, మీట బయట. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా రిగ్ మొదలుపెట్టకూడదు.

విశాఖ వాతావరణం రిగ్ వాళ్లకు రెండు చికాకులు పెడుతుంది. మొదటిది ఉప్పుగాలి. థర్మోకపుల్ కనెక్టర్లకు కొద్ది నెలల్లోనే పచ్చటి తుప్పు పట్టి రీడింగు మెల్లగా పక్కకు జరుగుతుంది, ఒక్కసారిగా చెడదు కాబట్టి పట్టుకోవడం కష్టం. ప్రతి పరుగుకు ముందు మంచు నీళ్లలోనూ మరిగే నీళ్లలోనూ ముంచి చూసుకోవడం ఇక్కడ ఆచారం అయిపోయింది. రెండోది తేమ. మే నెలలో తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) 28 డిగ్రీల దగ్గర ఉంటే కూలింగ్ టవర్ నీటిని అంతకన్నా మూడు నాలుగు డిగ్రీల పైన వదలడమే గొప్ప. 50 డిగ్రీల ఇంధనంతో చేసే వేడి పరీక్షలకు ఆ నీళ్లు చాలు. 30 డిగ్రీలతో పోలిక పరీక్ష కావాలంటే చిల్లర్ అయినా పెట్టాలి, జనవరి అయినా రావాలి. ఇక మైనస్ నలభై డిగ్రీల పరీక్షల ఊసే ఇక్కడ లేదు, పైపుల మీద మంచు దిబ్బలు కడుతుంది. వాటిని బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో చేయించాం.

మొదటి పరుగులోనే మాకూ 136 దగ్గరే వచ్చింది. మా ఫిట్టరు పరుగు ఆగాక ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పైపులు చూసి వచ్చి, "సార్, సెన్సర్ ఉన్న వైపు ఒకలా ఉంది, దాని ఎదురు వైపు ఇంకోలా ఉంది" అన్నాడు. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ అబద్ధం చెబుతుందని అందరికీ తెలుసు. అందుకని నల్ల మ్యాట్ పెయింటు చుక్కలు పెట్టించి మళ్లీ చూశాం. అతను చెప్పింది నిజమే. బైపాస్ నుంచి వచ్చే 148 డిగ్రీల ధార, పంపు ముఖద్వారం దగ్గరి వంపులో, బయటి గోడను పట్టుకుని పోతోంది. ఎక్స్‌ఛేంజర్ నుంచి వచ్చే 119 డిగ్రీల ధార లోపలి గోడను పట్టుకుంది. సెన్సర్ లోపలి గోడ వైపు ఉంది. రెండు ధారలూ పూర్తిగా కలవకముందే రీడింగు తీసుకుంటోంది. సెన్సర్‌ను పంపు దాటాక, మీటరింగ్ యూనిట్ ముందుకు మారిస్తే 147 వచ్చింది.

లెక్కకు ఒక డిగ్రీ తేడా. ఇంత దగ్గరగా రావడం నన్ను కాస్త అనుమానపెట్టింది, గుండ్రం చేసిన సామర్థ్యాలతో కట్టిన లెక్క అంత నిఖార్సుగా ఉండటానికి అదృష్టం కూడా కొంత తోడవ్వాలి. అయితే వేరే వేగాల దగ్గర, వేరే ప్రవాహాల దగ్గర కూడా రెండు మూడు డిగ్రీల లోపే నిలిచింది కాబట్టి ముందుకు వెళ్లాం.

మొదట కొట్టేసినవి

తిరిగే ఇంధనాన్ని టాంకుకే పంపేయడం అందరికీ తోచే మార్గం. కొత్తదీ కాదు. ఎయిర్‌బస్ ఏ320లో జనరేటర్ ఆయిల్‌ను చల్లబరిచిన వేడి ఇంధనం కొంత రెక్కలోని బయటి టాంకుకు తిరిగి వెళుతుంది. కానీ అది విమానం మొదటి గీత గీసిన రోజు నుంచీ ఉండాలి. తరవాత చేర్చాలంటే పైపు, వాల్వు, టాంకులో ఉష్ణోగ్రత కాపలా, మళ్లీ సర్టిఫికేషన్. పైగా 1996 జులై 17న టీడబ్ల్యూఏ 800 విమానం మధ్య టాంకు పేలిన తరవాత టాంకులోకి వేడి పంపే ఏ ఆలోచనకైనా గట్టి ప్రశ్నలు ఎదురవుతాయి. ఎదురవ్వాలి కూడా.

హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను మీటరింగ్ వాల్వు తరవాతకు మార్చడం ఇంకొకటి. వేడి లెక్కలో ఇది చాలా అందంగా ఉంటుంది. గేర్ పంపు, మీటరింగ్ యూనిట్ ఆయిల్ వేడిని అసలు చూడవు, వార్నిష్ పట్టిన స్పూలు 60 డిగ్రీలు చల్లబడుతుంది. మా బృందంలో ఒక అమ్మాయి ఈ ఆలోచనను గట్టిగా పట్టుకుంది, వాదన కూడా బాగా చేసింది. ఒప్పుకోలేకపోవడానికి కారణం వేడి కాదు, చలి. ఎక్స్‌ఛేంజర్ ఫిల్టరుకు ముందు ఉండటంలో ఉద్దేశమే చల్లటి ఇంధనంలోని మంచు రేణువులు ఫిల్టరును మూసెయ్యకుండా కరిగించడం. ఆ మంచు ఎంత పని చేయగలదో 2008 జనవరి 17న తెలిసింది. బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బోయింగ్ 777 రెండు ఇంజన్లూ చివరి నిమిషంలో శక్తి ఇవ్వలేక హీత్రోలో రన్‌వేకు ముందే నేలకు దిగింది. పైపుల్లో పేరుకుని ఒక్కసారిగా ఊడిన మంచు సరిగ్గా ఆయిల్ హీట్ ఎక్స్‌ఛేంజర్ ముఖాన్ని కప్పేసింది. ఆ తరవాత ఆ ఎక్స్‌ఛేంజర్ ముఖాన్ని మార్చారు. వేసవిలో పంపును కాపాడబోయి శీతాకాలంలో ఫిల్టరును బలి ఇవ్వడం మాకు నచ్చలేదు. ఎక్స్‌ఛేంజర్ అధిక పీడనాన్ని తట్టుకోవాలి కాబట్టి బరువు కూడా పెరుగుతుంది.

విద్యుత్ మోటారుతో నడిచే పంపు పెడితే వేగం ఇంజనుతో ముడిపడదు, ప్రదక్షిణే ఉండదు. కొత్త ఇంజను అయితే నేను మొదట దాన్నే పరిశీలిస్తాను. ఉన్న ఇంజనుకు మాత్రం జనరేటర్, కంట్రోలర్, రెండో వరస రక్షణ అన్నీ మారాలి. రెండు గేర్ జతలు పెట్టి, అవసరం లేనప్పుడు ఒక జతను పీడనం లేకుండా తిరగనివ్వడం మంచి మార్గమే. ఆ జత కలిసే, విడిపోయే క్షణంలో పీడనం కుదుపును కంట్రోలర్ తట్టుకుంటే చాలు. కానీ గేర్‌బాక్సు మీద అంత చోటు లేదు.

పంపు ఎందుకు ఇంత పెద్దది

ఇక మిగిలింది ఎవరూ అడగని ప్రశ్న. టేకాఫ్‌కు 1,000 కిలోలు చాలినప్పుడు 2,400 కిలోల పంపు ఎందుకు?

జవాబు స్టార్టులో ఉంది. ఇంజను వెలిగేటప్పుడు స్టార్టర్ దాన్ని 12 శాతం వేగానికి మాత్రమే తిప్పుతుంది. ఆ వేగంలో పంపు తోసేది 288 కిలోలు. అందులో నుంచి గేరు పళ్ల చివర్ల దగ్గర, సైడ్ ప్లేట్ల దగ్గర వెనక్కి కారిపోయేది తీసెయ్యాలి. ఇక్కడ అతి చెడ్డ సందర్భం వేడి రీస్టార్టు. విమానం దిగి, ఇంజను ఆపి, అరగంటలో మళ్లీ బయలుదేరాలి. ఆపిన ఇంజనులోని వేడి నిలిచిపోయిన ఇంధనంలోకి ఎక్కుతుంది, పంపు శరీరం నూరు డిగ్రీలు దాటుతుంది, ఇంధనం పలచబడి సందుల్లోంచి జారిపోతుంది. అరిగిన పంపులో ఆ లీకేజీ గంటకు 140 కిలోలు. మిగిలేది 148. వెలగడానికి కావలసింది 120. పంపును ఆ సందర్భానికి కొలిచి కుట్టారు. మిగతా ప్రయాణమంతా ఆ పెద్ద చొక్కాను మోయాల్సిందే.

అంటే వేడి వల్ల లీకేజీ, లీకేజీ వల్ల పెద్ద పంపు, పెద్ద పంపు వల్ల ప్రదక్షిణలు, ప్రదక్షిణల వల్ల వేడి. ఈ గొలుసును ఎక్కడ తెంపాలన్నది అసలు పని. క్లియరెన్సులు తగ్గించడం మొదట తోస్తుంది, కానీ మైనస్ నలభైలో గేరు పట్టేసే ప్రమాదం ఉంది.

తెంపడానికి దొరికిన చోటు ప్రెజరైజింగ్ వాల్వు. సన్నటి సందుల్లోంచి కారే ద్రవం పీడనానికి అనుపాతంగా ఉంటుంది. స్టార్టులో కూడా వాల్వు 20 బార్ నిలబెడుతోంది. దాన్ని 15 బార్‌కు దించితే లీకేజీ 140 నుంచి 105కు పడిపోతుంది. అప్పుడు 2,000 కిలోల పంపు చాలు: 12 శాతం వేగంలో 240, లీకేజీ పోగా 135. గేరు వెడల్పు ఆరో వంతు తగ్గించడమే, బయటి కొలతలూ బోల్టులూ మారవు. దిగేటప్పుడు ప్రవాహం 1,400, పీడనం 15 బార్, షాఫ్టు శక్తి సుమారు 1.05 కిలోవాట్లు. ప్రదక్షిణలు 14, ఒక్కోదానికి 1.3 డిగ్రీలు, మొత్తం 18. పాత 29 నుంచి 11 డిగ్రీలు ఆదా, ఒక్క కొత్త పరికరం కూడా చేర్చకుండా.

పాత 20 బార్ అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి చాలా తంటాలు పడాల్సి వచ్చింది. గైడ్ వేన్ యాక్చుయేటర్ కోసం అన్నారు కంట్రోల్ బృందం వాళ్లు. పాత కాగితాలు తిరగేస్తే తెలిసింది ఏమిటంటే, యాక్చుయేటర్‌కు ఐడిల్ దగ్గర కావలసింది 13 బార్ లోపే. దాని మీద యాక్చుయేటర్ వాళ్లు ఒక భద్రత వేశారు, కంట్రోల్ వాళ్లు ఇంకోటి వేశారు, పంపు వాళ్లు గుండ్రం చేశారు. వేగం పెంచేటప్పుడు వేన్లు త్వరగా కదలాలి కదా అన్న అభ్యంతరం సరైనదే. కానీ వేగం పెంచడమంటే ప్రవాహం పెరగడమే, ప్రవాహం పెరిగితే నాజిళ్ల దగ్గర పీడనం తనంతట తానే పైకి వెళుతుంది. తొలి క్షణంలో వేన్ల కదలిక కొద్దిగా నెమ్మదించిన మాట నిజం, ఇంజను పరీక్షలో అది సర్జ్ హద్దును (కంప్రెసర్‌లో గాలి వెనక్కి తన్నే స్థితిని) తాకలేదు.

ఆయిల్ వాటా అన్నిటికన్నా పెద్దది, 60 డిగ్రీలు. దాన్ని వదిలేసి 29 చుట్టూ ఇంత తిరగడమేమిటని అడగవచ్చు. ఈ ఇంజనులో గాలితో ఆయిల్‌ను చల్లబరిచే చిన్న కూలర్ కూడా ఉంది. దాని తలుపు ఆయిల్ 130 డిగ్రీలు దాటితేనే తెరుచుకుంటుంది. దిగేటప్పుడు ఇంధనం వేడినంతా తాగేస్తోంది కాబట్టి ఆయిల్ 130 దాటడం లేదు, తలుపు తెరుచుకోవడం లేదు. ఆయిల్‌ను కాపాడే తర్కం అది, ఇంధనం గోడు దానికి వినబడదు. కంట్రోలర్‌లో ఒక షరతు చేర్చాం: ఇంధన ప్రవాహం ఒక్కసారిగా పడిపోతే, ఆయిల్ ఎంత ఉన్నా, ఇంధనం వేడిగా ఉన్నంతవరకు తలుపు తెరిచి ఉంచు. ఇంధనం చల్లగా ఉంటే మూసెయ్, ఎందుకంటే అప్పుడు ఫిల్టరుకు ఆ వేడి కావాలి. దీంతో ఇంధనంలోకి దిగే ఆయిల్ వేడి 2.6 కిలోవాట్లకు తగ్గింది, అంటే 45 డిగ్రీలు. నిల్వ వేడి శిఖరానికి ఇదే అసలు మందు.

కొత్త కూడిక: 50, 9, 45, 18, మొత్తం 122. రిగ్ మీద నిలకడగా 124, థ్రాటిల్ తగ్గించిన తరవాతి శిఖరం 133. బెంగళూరు చలి పరీక్షలో ఫిల్టరు దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు పైనే నిలిచింది.

బూస్ట్ దశ 9 డిగ్రీలను ముట్టుకోలేదు. ఇంపెల్లర్ కాస్త చెక్కితే రెండు మూడు డిగ్రీలు దొరుకుతాయి, కానీ గేర్ పంపు నోటి దగ్గర పీడనం తగ్గి వేడి ఇంధనంలో ఆవిరి బుడగలు పుట్టే ప్రమాదంతో ఆడుకోవాలి. ఆ బేరం లాభసాటి కాదు.

కొత్తగా చేరిన ఇంజనీర్లను నేను ఆర్కే బీచ్‌లోని టీయూ-142 విమాన మ్యూజియానికి తీసుకెళుతుంటాను. అందరూ ఎదురెదురుగా తిరిగే ప్రొపెల్లర్ల ముందు ఫొటోలు తీసుకుంటారు. ఆ పరిమాణం చూసి ఇంజను అంటే శక్తి అనుకోవడం సహజం. మా ఉద్యోగంలో మాత్రం ఎక్కువ తలనొప్పి ఇంజను దాదాపు ఏ పనీ చేయని ఇరవై నిమిషాల్లో వస్తుంది.

క్లయింటు రెండు మార్పులనూ తీసుకున్నారు, ఒక షరతు మీద ఇప్పటికీ బేరం నడుస్తోంది. పాత పంపుకు వేడి రీస్టార్టులో 28 కిలోల మిగులు ఉండేది, కొత్తదానికి 15 కిలోలే. కాబట్టి ఓవర్‌హాల్‌లో పంపు లీకేజీని 15 బార్ దగ్గర, వేడి ద్రవంతో కొలవాలని రాశాం. గది ఉష్ణోగ్రత ద్రవంతో కొలిస్తే అరిగిన పంపు కూడా నెగ్గిపోతుంది. ఓవర్‌హాల్ షాపులో వేడి ద్రవం పరీక్ష అంటే మా షెడ్డులో ఉన్న నైట్రోజన్, డిటెక్టర్లు, మూసిన గది అన్నీ అక్కడా కావాలి, ఖర్చు వాళ్లది. చల్లటి ద్రవంతోనే కొలిచి, స్నిగ్ధత సవరణతో వేడి లీకేజీని అంచనా వేసుకుంటామన్నది వాళ్ల ప్రతిపాదన. సైడ్ ప్లేట్లు వేడికి ఎంత వంగుతాయో ఆ సవరణలో రాదు కాబట్టి, అరిగిన పంపులు కొన్నిటిని రెండు విధాలా కొలిచి చూపించమని అడిగాం. మొదటి విడత పంపులు వచ్చే నెల దువ్వాడ చేరాలి.